కుడివైపు తగ్గింది

ఇయర్‌ఫోన్లని పాడుచేసేది వాన కాదు, ఎండ కాదు, మనుషులు. ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల వెనక కూర్చుని బాగుచేస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. నెల జీతం మొత్తం పోసి కొంటారు. కొన్న వారం పాటు కళ్లలో పెట్టుకుని చూసుకుంటారు. ఎనిమిదో రోజు నుంచి తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో కుక్కుతారు. చెమట తుడవరు. వైరు పట్టుకుని లాగుతారు. మూతి దగ్గర జాలీలో గుబిలి పేరుకుంటే నోటితో ఉఫ్‌మని ఊదుతారు, ఆ ఊపిరిలోని తడి లోపలికే పోతుందన్న ఇంగితం ఉండదు. ఒకాయన గుండుసూదితో పొడిచి మరీ తెచ్చాడు. "కొంచెం శుభ్రం చేద్దామనండీ" అని నసిగాడు. "కంట్లో నలక పడితే కూడా సూదితోనే తీసుకుంటారా?" అని అడిగాను. ఆయన మళ్లీ రాలేదు. రాకపోతే పోయాడు.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. మా వీధిలో అందరికీ తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ కోపం చేసిన పనే. మా చెల్లి చెవిని చూడకుండా, ఆ చెవిలో పెట్టుకునే వస్తువును చూసుకుంటూ పాతిక రోజులు గడిపాను నేను.

చెల్లి నాకంటే పదకొండేళ్లు చిన్నది. అమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్లు. అప్పటి నుంచి జడ వేసిందీ నేనే, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ నేనే, లెక్కలు రాకపోతే వీపు మీద ఒకటి ఇచ్చిందీ నేనే. ఇంట్లో దాన్ని పిడుగు అని పిలుస్తాను. పని దగ్గర మాత్రం దాని పేరు పాముచెవులు. ఊరికే పెట్టలేదు ఆ పేరు. అది చేసే ఉద్యోగమే వినడం.

నగరానికి నీళ్లిచ్చే విభాగంలో పని. రోడ్డు కింద గొట్టం ఎక్కడో పగులుతుంది, పైకి ఏమీ కనపడదు, నీళ్లు మట్టిలోకి పోతుంటాయి. ఆ చోటు పట్టాలి. మెడలో ఒక పెట్టె వేలాడుతుంది. ఆ పెట్టెకు రెండు ఇనుప దిమ్మలు. వాటిని రోడ్డు మీద రెండడుగుల ఎడంలో పెడతారు. ఎడమ దిమ్మ విన్నది ఎడమ చెవికి, కుడి దిమ్మ విన్నది కుడి చెవికి వస్తుంది. ఏ వైపు చప్పుడు ఎక్కువగా ఉంటే ఆ వైపు గొట్టం వెంట జరుగుతూ పోవాలి. రెండు చెవుల్లోనూ సమానమైన చోట ఆగి, రోడ్డు మీద నీలం రంగుతో గుర్తు వేయాలి. వెనకే మేస్త్రీ మనుషులు వచ్చి అక్కడ తవ్వుతారు. బండ్లు తిరగడం మొదలుకాక ముందే, తెల్లారుతుండగానే చేయాలి ఈ పని.

అందరూ గజం అటూ ఇటూగా గుర్తు పెట్టేవాళ్లు. మా చెల్లి జానెడు తేడాతో పెట్టేది. మేస్త్రీ ఒకసారి నా కొట్టుకొచ్చి, "మీ చెల్లెలు చెప్పిన చోట పార వేస్తే పగులే తగులుతుందండీ, అక్కగారూ. మా వాళ్లు పందేలు కాస్తున్నారు" అని చెప్పి పోయాడు. నేను పైకి "ఆ, ఏడ్చింది లెండి" అన్నాను గానీ, ఆ రోజంతా నా మొహం వెలిగిపోతూనే ఉంది.

విభాగం వాళ్లిచ్చిన హెడ్‌ఫోను కుండల్లాంటిది. చెవుల మీద కూర్చుని చెమట పట్టించేది, బయటి చప్పుళ్లు లోపలికి వచ్చేవి. అందుకని దాని ముప్ఫయ్యో పుట్టినరోజుకు నేను లోపలికి పెట్టుకునే రకం కొనిచ్చాను. సంగీతం వాయించేవాళ్లు వేదిక మీద వాడే రకం. చెవి చుట్టూ వైరు తిప్పి పెట్టుకుంటే లోపల బిరడా బిగించినట్టు కూర్చుంటుంది. ఖరీదు విని అది కళ్లు తేలేసింది. "నీకు పిచ్చా అక్కా? వీటిని వానలో, బురదలో వాడనా?" అంది.

"వానలో వాడు, బురదలో వాడు. వాడాక నేను చెప్పినట్టు చూసుకో, పదేళ్లు నీ చెవిలో ఉంటాయి" అన్నాను.

చెప్పడమంటే అంతా ఇంతా కాదు, చెవినిల్లు కట్టుకుని పోరాను. పని అవగానే పొడిగుడ్డతో తుడవాలి. రబ్బర్లు ఊడదీసి సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి తొడగాలి. బ్రష్ చేసేటప్పుడు మూతి కిందికి ఉండాలి, మురికి బయటికి రాలాలి గానీ లోపలికి పోకూడదు. వైరును పెట్టెకు బిగించి చుట్టకూడదు, వదులుగా చుట్ట చుట్టి పెట్టాలి. డబ్బాలో తేమ పీల్చే పొట్లం ఉండాలి, దాన్ని రెండు నెలలకోసారి మార్చాలి. వ్యాను అద్దం దగ్గర ఎండలో వదిలేయకూడదు. అది ముందు నవ్వింది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత ఊఁ కొట్టింది. మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా అవి నా బల్ల మీదికి రాలేదు.

వానలు పట్టుకున్న కొత్తలో దానికి జలుబు చేసింది. రెండు రోజులు ముక్కు చీదుకుంటూనే పనికి పోయింది. మూడో రోజు పొద్దున్న పది గంటలకు తిరిగొచ్చి, కొట్టు బయటే బూట్లు విప్పి, ఆ డబ్బా నా ముందు పెట్టింది.

"అక్కా, కుడివైపు తగ్గింది."

"ఎంత తగ్గింది?"

"చాలా. దూది అడ్డం పెట్టినట్టు ఉంది. వెనకాల ఏదో ఈల కూడా."

నేను అంతెత్తున లేచాను. "వానలో తడిపి ఉంటావు! తుడవకుండా డబ్బాలో పడేసి ఉంటావు! చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే? చెవిన పెడితేగా! ఈల అంటే తడి చేరిందనే అర్థం."

"తుడిచానక్కా."

"తుడిస్తే ఎందుకు తగ్గుతుంది? గాలికి తగ్గుతుందా?"

నేను దీపం కింద పెట్టి భూతద్దంతో చూశాను. నిజం చెప్పాలంటే జాలీలో ఏమీ లేదు. అద్దంలా ఉంది. అయినా ఏదో ఉన్నట్టే బ్రష్ తీసి గీకాను, స్పిరిట్‌తో తుడిచాను. తర్వాత ఎప్పుడూ చేసే పనే చేశాను, నా చెవిలో పెట్టుకుని విన్నాను. నా పద్ధతి అది. ఎవరి వస్తువైనా శుభ్రం చేసి, నా రబ్బర్లు తొడిగి, నా చెవిలో విని, బాగుంటే బాగున్నట్టు. ఇరవై రెండేళ్లలో నా చెవి నన్ను మోసం చేయలేదు. అందుకే తెచ్చినవాళ్లని కూర్చోబెట్టి "మీకెలా వినపడుతోందో చెప్పండి" అని ఏనాడూ అడగలేదు. వాళ్లకేం తెలుస్తుంది?

కుడివైపు ఖణేల్‌మని మోగింది. సాయంత్రం దాని చేతిలో పెట్టి, "ఇదిగో. కొత్తదానిలా ఉంది. ఇకనైనా బుద్ధిగా చూసుకో" అన్నాను. తీసుకుంది.

మూడు రోజులకు డబ్బా మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. "అలాగే ఉందక్కా."

ఈసారి నాకు పంతం వచ్చింది. నా చేతిలో బాగైనది మళ్లీ పాడవడమేమిటి? వైరు ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి చూశాను. నాకు రెండు వైపులా సమంగానే ఉంది. అయినా వైరు కొత్తది వేశాను. జాలీ మార్చాను. రబ్బర్లు మూడు సైజులు ఇచ్చి, "నీకు సరిగ్గా బిగుసుకోవట్లేదు, సందులోంచి గాలి పోతోంది. చెవి పైభాగాన్ని వెనక్కి లాగి పెట్టుకో" అని చెప్పాను. ఎలా లాగాలో నా చేత్తోనే దాని కుడి చెవి పట్టుకుని చూపించాను. ఆ చెవిని పట్టుకున్నాను నేను. అప్పుడైనా తట్టిందా? తట్టలేదు.

ఆ వారమే మేస్త్రీ కొట్టు ముందు నుంచి పోతూ ఆగాడు. ఎప్పటిలా నవ్వలేదు.

"అక్కగారూ, అమ్మాయికి ఒంట్లో బాగుందా?"

"జలుబు. ఏం?"

"రెండు గుంతలు దండగయ్యాయి. రెండుసార్లూ అసలు పగులు కుడిపక్కన మూడు గజాల దూరంలో దొరికింది. మావాళ్లు పాముచెవులు కాస్తా పాతచెవులు అయ్యాయని వేళాకోళం చేస్తున్నారు. నేను నోరు మూయించాననుకోండి. కానీ ఇంజనీరు గారి దాకా పోయింది."

నాకు తిక్క రేగింది. "వస్తువులో లోపం ఉంది, మనిషిలో కాదు. నేను సరిచేస్తున్నాను. మీ ఇంజనీరుకు అలాగే చెప్పండి" అని దులిపేశాను. మేస్త్రీ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఎంత తేలికో. రెండు చెవుల్లో సమానంగా వినపడేదాకా జరుగుతూ పోవాలి కదా. కుడి చెవికి తక్కువ వినపడితే మనిషి ఎడమవైపు జరుగుతూనే పోతుంది, పగులును దాటేసి కూడా పోతుంది. రెండు గుంతలూ పగులుకు ఎడమవైపే పడ్డాయి. ఆ మాట మేస్త్రీ నా మొహం మీద చెప్పాడు. నేను విన్నది ఒక్కటే, కుడి స్పీకరు బలహీనపడిందని.

మూడోసారి ఆ డబ్బాను వారం రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. లోపలెక్కడో కంటికి కనపడని తడి ఉందని నా నమ్మకం. తేమ పీల్చే పొట్లాలు పది వేసి, గట్టి మూత ఉన్న సీసాలో పెట్టి, మూత చుట్టూ టేపు చుట్టాను. ఆ వారం అది ఆఫీసువాళ్ల కుండల హెడ్‌ఫోనే పెట్టుకుని పనిచేసింది.

అన్నం తింటుండగా ఒక మాట అంది. "అందులో కూడా కుడివైపు తక్కువే అక్కా."

"ఆ చెత్తదానికి తక్కువ కాక ఎక్కువ ఉంటుందా? పదిమంది నెత్తిన పెట్టుకున్నది. ఎప్పుడో పోయి ఉంటుంది" అన్నాను.

"చెవి కూడా మూసుకుపోయినట్టే ఉంది."

"జలుబు తగ్గాక అదే తెరుచుకుంటుంది. రోజంతా బిరడాలు బిగించుకుని తిరిగితే గుబిలి లోపలికి పోదూ? ముందు నీ వస్తువు బాగవనీ."

అది కంచంలోకి చూస్తూ తింది. నేను కూర వడ్డించాను. ఆ పూట ఆ రెండు మాటలకు నేను చేతులు కడుక్కుని లేచి, దాని చెయ్యి పట్టుకుని బయటికి నడిచి ఉంటే, ఈ కథ చెప్పే పని ఉండేది కాదు. లేవలేదు. ఇంకొంచెం పెట్టుకోమన్నాను.

వారం తర్వాత ఇచ్చాను. రెండు రోజుల్లో మళ్లీ అదే మాట. ఇక లాభం లేదని అదే రకం పాతది ఒకటి ఎవరి దగ్గరో సంపాదించి, దాని కుడి స్పీకరు విప్పి, మా చెల్లిదానిలో అమర్చాను. వెంట్రుకంత తీగలు. మూడు సాయంత్రాలు పట్టింది. మెడ పట్టేసింది. నా బతుకులో అంత మంచి పని చేయలేదేమో. నా చెవిలో పెట్టుకుంటే రెండు వైపులా తేనె పోసినట్టు ఉంది. దాని చేతిలో పెట్టి, "ఇప్పుడు కూడా తగ్గిందన్నావంటే నిన్నే విప్పి చూడాలి" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అదీ నవ్వింది.

రెండు రోజులు ఏమీ అనలేదు. హమ్మయ్య అనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం మేస్త్రీ ఫోన్ చేశాడు. బడి ముందు రోడ్డు తవ్వారట. మూడో గుంత. నీళ్లు లేవు. పిల్లలు బురదలోంచి నడిచి లోపలికి పోయారట, బడివాళ్లు గొడవ పెట్టారట. "రేపు పొద్దున్న ఇంజనీరు గారే వస్తున్నారు. రేపు కూడా తప్పితే బృందంలోంచి తీసేస్తానన్నారు" అని చెప్పాడు. చెల్లి నాతో ఒక్క ముక్క అనలేదు. అడిగితే, "చూద్దాంలే అక్కా" అని అటు తిరిగి పడుకుంది.

నాకు ఆగలేదు. నా చేత్తో చేసిన వస్తువు బాగుందని ఆ ఇంజనీరు చెవిలోనే పెట్టి చూపించాలనిపించింది. తెల్లారుతుండగా దానికి తెలియకుండా వెనకే బయల్దేరాను. రొట్టెల దుకాణం ఉన్న వీధి. షట్టరు సగం ఎత్తి ఉంది, లోపల దీపం వెలుగుతోంది. వాన వెలిసి రోడ్డు మెరుస్తోంది. వీధి మధ్యలో మా చెల్లి, మెడలో పెట్టె, కాళ్ల దగ్గర దిమ్మలు. దానికి ఎడమపక్క నాలుగు గజాల దూరంలో మేస్త్రీ, ఇంజనీరు నిలబడి ఉన్నారు. నేను కుడిపక్క సందులోంచి వచ్చాను.

అది కాసేపు విని, దిమ్మలు జరిపి, మళ్లీ విని, ఇయర్‌ఫోన్లు రెండూ తీసి మెడలో వేసుకుంది. చేతి వెనకభాగంతో కళ్లు తుడుచుకుంది. నేను దానికి రెండు గజాల దూరంలో ఉన్నాను.

"పిడుగూ" అన్నాను.

పలకలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఇంకో అడుగు వేసి, కొంచెం గట్టిగా, "ఏమే, నిన్నే" అన్నాను. రొట్టెల దుకాణంలో మనిషి తల బయటికి పెట్టి చూశాడు. ఇది మాత్రం కదల్లేదు. నా వైపు చెంప అలాగే ఉంది, జుట్టు చెవి వెనక్కి దోపుకుని, చెవి నాకు ఎదురుగా కనపడుతూనే ఉంది.

అటుపక్క నుంచి మేస్త్రీ, గొంతు తగ్గించి, "అమ్మాయ్, మీ అక్క వచ్చారు" అన్నాడు. నాకే సరిగ్గా వినపడలేదు. అది వెంటనే అతని వైపు తిరిగింది. "అక్కా? ఎక్కడ?" అంది.

ఇంజనీరుకు చూపిద్దామని చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వచ్చినదాన్ని, అక్కడే చెప్పుల కొట్టు మెట్టు మీద కూలబడ్డాను.

ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాను. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను బయట అద్దంలోంచి చూస్తున్నాను. ఎడమ చెవికి చప్పుళ్లు ఇచ్చినంతసేపూ దాని బొటనవేలు టకటకా నొక్కింది. ఆ తర్వాత చాలాసేపు ఆ వేలు కదల్లేదు. అది అద్దంలోంచి నా వైపు చూసింది, పరీక్ష ఇంకా మొదలుపెట్టలేదా అన్నట్టు. పరీక్ష చేసే అమ్మాయి నాబ్ తిప్పుతూనే ఉంది.

డాక్టరమ్మ కాగితం చూసి, "లోపల నరం దెబ్బతింది. జలుబు తర్వాత ఒక్కోసారి ఇలా హఠాత్తుగా అవుతుంది. ఎన్నాళ్లయింది?" అని అడిగింది.

"ఇరవై ఆరు రోజులు" అన్నాను. నాకు రోజులు లెక్క పెట్టే పని లేకపోయింది, నా రశీదు పుస్తకంలో మొదటి తేదీ ఉంది.

ఆమె రాస్తున్న కలం ఆపింది. "మొదటి వారంలో వచ్చి ఉంటే మందులకు చాలామందికి ఎంతో కొంత తిరిగి వస్తుందమ్మా. ఇప్పుడూ ఇస్తాను. ఇవ్వకుండా ఉండను. కానీ ఆశ పెట్టుకోమని చెప్పలేను. ఎందుకు ఇంత ఆలస్యం చేశారు?"

చెల్లే చెప్పింది. "ఇయర్‌ఫోను పాడైందనుకున్నాం డాక్టర్." ఆ మాట అంటూ బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఓదార్చాల్సింది నేను. ఓదార్చింది అది.

మాత్రలు మింగింది. మొహం ఉబ్బింది, నిద్ర పట్టేది కాదు. చెవిలోపలికి సూది మందు నాలుగుసార్లు వేశారు, వేసిన ప్రతిసారీ మంచం పట్టుకుని కళ్లు తిరుగుతున్నాయనేది. రెండు నెలల తర్వాత మళ్లీ గాజు గదిలో కూర్చోబెట్టారు. కాగితం మీద కుడి చెవి గీత పడ్డచోటే పడి ఉంది.

విభాగంవాళ్లు దాన్ని ఉద్యోగంలోంచి తీసేయలేదు, అంతవరకు మంచివాళ్లే. ఫిర్యాదులు తీసుకునే గదిలో కూర్చోబెట్టారు. మా వీధిలో నీళ్లు రావట్లేదు, మా కొళాయి నుంచి బురద వస్తోంది అని జనం ఫోన్ చేస్తే ఎడమ చెవి దగ్గర పెట్టుకుని రాసుకుంటుంది. తెల్లారుజామున లేచే అలవాటు మాత్రం పోలేదు. నాలుగున్నరకే లేచి కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఏం చేస్తున్నావంటే, ఏం లేదంటుంది. వీధిలో ఎవరైనా పిలిస్తే ఎటు నుంచో తెలియక చుట్టూ తిరిగి చూస్తుంది. అలా తిరుగుతుంటే చూడలేక నేను తల దించుకుంటాను.

నేను ఇప్పుడు ఎవరు వచ్చి ఒకవైపు తగ్గిందన్నా, ముందు కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, రెండు చెవుల దగ్గరా నా వేళ్లు రుద్ది అడుగుతాను. "రిపేరుకు వస్తే వైద్యం చేస్తున్నారేంటండీ?" అని నవ్వుతారు. నవ్వనీ. తిట్టడం కూడా తగ్గింది. ఒంట్లో బాగోలేదా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అది ఆ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఎవరికైనా ఇచ్చేయక్కా. ఊరికే పడి ఉన్నాయి. మంచి వస్తువు" అంది.

మూత తీశాను. వైరు వదులుగా చుట్ట చుట్టి ఉంది. రబ్బర్లు విడిగా, కడిగి, ఆరబెట్టి ఉన్నాయి. తేమ పీల్చే పొట్లం కొత్తది. వాడక మూడు నెలలైంది, అయినా నేను చెప్పింది చెప్పినట్టు చేస్తూనే ఉంది.

"నిన్ను అన్ని మాటలన్నానే. ఇందులో ఏమీ లేదని నాకు మొదటి రోజే కనపడింది. నా కళ్లతో చూశాను. చూసి కూడా, నీ చెవి సంగతి అడగాలని తోచలేదు. నీ చెవి నేనే పోగొట్టాను" అన్నాను. ఏడుపు ఆగలేదు. కొట్టు తలుపు తీసే ఉంది, ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకపోయింది.

అది బల్ల ఇటుపక్కకు వచ్చి నాకు ఎడమ చెవి పడేలా స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపు వేలితో డబ్బా మూతను తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది.

"నాకు ముందే తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"నువ్వు మొదటిసారి శుభ్రం చేసి ఇచ్చావు చూడు, ఆ మర్నాడే. పని దగ్గర పెట్టుకుంటే అలాగే ఉంది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి గడియారం తీసి చెవికి ఆనించుకున్నాను. ఎడమవైపు వినపడింది. కుడివైపు పెడితే గడియారం ఆగిపోయిందేమో అనుకుని చూశాను. ముల్లు తిరుగుతూనే ఉంది."

"ఓసి నీ... రెండో రోజే తెలుసా? తెలిసి నాతో ఎందుకు చెప్పలేదే? నోరు లేదా నీకు?" పాత కోపం ఎక్కడి నుంచో ఊడిపడింది. చెయ్యి ఎత్తాను కూడా. ఆ చెయ్యి ఎక్కడ వేయాలో తెలియలేదు.

"చెవి అని చెబితే డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ డాక్టరు పోయిందంటే పోయినట్టే కదా. నాకు భయమేసింది. అదే ఇయర్‌ఫోను అయితే నువ్వున్నావు." అది మూత మూసి డబ్బా నా వైపు జరిపింది. "నువ్వు బాగుచేయలేకపోయిన వస్తువు నేనెప్పుడూ చూడలేదక్కా. నువ్వు చెయ్యి పెడుతున్నావు కాబట్టి, అందులోనే ఉంది లోపం అని నాకు నేనే చెప్పుకున్నాను. గడియారం సంగతి మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను."

"మర్చిపోయి?"

"నువ్వు ఇచ్చిన ప్రతిసారీ, మర్నాడు తెల్లారి రోడ్డు మీద పెట్టుకునేటప్పుడు, ఈసారి వస్తుంది అనే పెట్టుకునేదాన్ని."

ఆ రెండో రోజు తర్వాత నేను మూడుసార్లు ఇచ్చాను.